ఎండాకాలం సీసాలు

శ్రీధర్‌ని మీరు చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునే మొహం కాదు. కొత్తగూడెం దాటాక పాల్వంచ రోడ్డు వదిలి అడవి వైపు మళ్ళితే వచ్చే లంబాడీ తండాలో రామ్‌సింగ్ కొడుకు. చేలో మోటారు కాలిపోతే విప్పుకుని కూర్చునే మనుషులు ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరుంటారే, అలాంటివాడు. కాకపోతే ఇతను రెండువేల ఆరో సంవత్సరం జనవరిలో దక్షిణ ధ్రువం దగ్గర మంచు సముద్రం మీద ఉన్నాడు. ఆ మాట తండాలో సగం మంది నమ్మలేదు. నమ్మిన సగం మంది, అంత దూరం పోయి ఏం తెచ్చావని అడిగి, ఏమీ తేలేదని విని, మరెందుకు పోయినట్టని నవ్వుకున్నారు.

అతను తేవడానికి పోలేదు, పెట్టి రావడానికి పోయాడు. అది విడమరిచి చెబితేగానీ అర్థమయ్యే సంగతి కాదు కాబట్టి చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ఆ సముద్రంలో వెలుతురు ఉండే నెలల్లో నీటి పైపొరలో కంటికి ఆనని పచ్చటి నాచులాంటిది విపరీతంగా పెరుగుతుంది. దాన్ని తినే పురుగులు, రొయ్యల్లాంటివి పెరుగుతాయి. వాటి కళేబరాలు, అవి విడిచిన పొట్టు, వేసిన పెంట, అన్నీ పొడిపొడిగా, పీచుపీచుగా మెల్లగా కిందికి దిగుతాయి. అడుగున చీకట్లో బతికే ప్రాణులకు అలా రాలిందే కూడు. వెలుతురు పోయి పైన మంచు గడ్డకడితే రాలడం దాదాపు ఆగిపోతుంది. మళ్ళీ వెలుతురు వచ్చేదాకా అడుగున పస్తే.

ఎప్పుడు ఎంత రాలుతుందో తెలుసుకోవడానికి ఒక గరాటు ఉంటుంది. మనిషి కంటే ఎత్తు, పసుపు రంగు. దాని కింద గుండ్రటి పళ్ళెంలో వరసగా సీసాలు. గడియారం పెట్టిన చిన్న మోటారు ఒకటి, చెప్పిన రోజుకు ఒక సీసాను తప్పించి ఇంకో సీసాను గరాటు మూతి కిందికి తెస్తుంది. పాత రైలు చక్రాలు బరువుగా కట్టి, పైన నీటిలో తేలే గోళాలు కట్టి, దాన్ని సముద్రంలో నిలబెట్టి ఏడాది పాటు వదిలేసి వస్తారు. తండా పక్క గూడెంలో ఉండే కోయ మిత్రుడు పగిడయ్యకు శ్రీధర్ దీన్ని ఇప్పపువ్వు ఏరడంతో పోల్చి చెప్పాడు. చెట్టు కింద ఊడ్చి ఉంచి, ఏ రోజు పువ్వు ఆ రోజు ఏరుకుంటేనే కదా నిన్న ఎంత రాలిందో ఇవాళ ఎంత రాలిందో తెలిసేది. పగిడయ్యకు వెంటనే అర్థమైంది. తినడానికి పనికిరాని పువ్వు కోసం అంత దూరం పోవడం ఎందుకన్నది మాత్రం అర్థం కాలేదు.

ఎందుకన్నది భారతమ్మగారికి తెలుసు. కోస్తాలో ఒక సముద్ర పరిశోధన కేంద్రంలో ఆవిడ శాస్త్రవేత్త. శ్రీధర్ పాలిటెక్నిక్ డిప్లొమా పట్టుకుని, నూనె మిల్లుల్లో మోటార్లు బాగుచేస్తూ తిరిగి, చివరికి ఆ కేంద్రంలో కాంట్రాక్టు టెక్నీషియన్‌గా కుదిరింది ఆవిడ దగ్గరే. భారతమ్మగారు జీవితమంతా ఒక్క ప్రశ్నను పట్టుకుని వేలాడిన మనిషి. మంచు విడిచి వెలుతురు వచ్చాక, ఆ తిండి ఎన్నాళ్ళకు అడుగుకు చేరుతుంది? ఒక్కసారిగా కుమ్మరించినట్టు పడుతుందా, విడతలు విడతలుగా పడుతుందా? ఏళ్ళ కిందట ఒకసారి గరాటు వేయించారు. దాన్ని మంచు ఈడ్చుకుపోయింది, మళ్ళీ కనబడలేదు. ఆ తర్వాత ఎందరి కాళ్ళావేళ్ళా పడితేనో ఇంకొకటి మంజూరైంది. అదే ఆఖరు. ఆ ఏడాది నవంబరులో ఆవిడ రిటైరు కావాలి. మోకాళ్ళు అరిగిపోయి ఓడ ఎక్కడానికి డాక్టర్లు ఒప్పుకోలేదు. తనకు బదులు శ్రీధర్‌ను పంపారు.

ఓడ మీద మిగతావాళ్ళంతా హిందీ, బెంగాలీ, మలయాళం. గరాటు దించే ముందు రోజు భారతమ్మగారు శాటిలైట్ ఫోన్‌లో మాట్లాడారు. లైను గరగరమంటోంది, ఒక మాట వినబడితే రెండు మాటలు ఎగిరిపోతున్నాయి. ఇంగ్లీషులో చెబితే ఏదైనా పొరపాటు జరుగుతుందని, శుభ్రంగా తెలుగులో చెప్పారు. ఎండాకాలంలో పది రోజులకో సీసా తిరగాలి, చలికాలంలో రెండేసి నెలలకొకటి చాలు. శ్రీధర్ కూడా జాగ్రత్త మనిషే. ఎండాకాలం పది రోజులు, చలికాలం రెండు నెలలు, అంతే కదా మేడం అని తిరిగి అప్పజెప్పాడు. అంతే అన్నారావిడ. ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఇద్దరూ నిశ్చింతగా ఫోన్ పెట్టేశారు.

ఇప్పుడు మీరే చెప్పండి. మన పక్క పుట్టిన మనిషికి ఎండాకాలం అంటే ఏ నెలలు? మార్చి, ఏప్రిల్, మే. బడులకు సెలవులు, బావుల్లో నీళ్ళు అడుగంటడం, తునికాకు కోత. అతను నిలబడి ఉన్నది జనవరి నెల, చుట్టూ మంచు గడ్డలు, మూడు స్వెట్టర్ల మీద కోటు, చేతి తొడుగు తీస్తే వేళ్ళు కొయ్యబారిపోతున్నాయి. దీన్ని ఎండాకాలం అనడానికి ఎవరికి నోరొస్తుంది? ఓడవాళ్ళు సమ్మర్ ట్రిప్ అంటుంటే, ఇంటికి చేరేసరికి సమ్మర్ వస్తుంది కాబట్టి అంటున్నారనుకున్నాడు. పొద్దు అసలు కుంకకపోవడం చూశాడు, ఆశ్చర్యపోయాడు, అయినా ఆ మాటా ఈ మాటా కలుపుకోలేదు. మార్చి మొదలు మే చివరిదాకా పది రోజులకో సీసా పెట్టాడు. మిగిలిన ఏడాదికంతా కలిపి నాలుగైదు సీసాలు వదిలాడు. గడియారం సరిగ్గా నడుస్తోందో లేదో మూడుసార్లు చూసుకున్నాడు. గరాటు నీళ్ళలోకి దిగి కనుమరుగవుతుంటే పక్కవాళ్ళతోపాటు చప్పట్లు కూడా కొట్టాడు.

ఏప్రిల్‌కి తండా చేరాడు. మళ్ళీ డిసెంబరు ఓడ దాకా కేంద్రంలో అతనికి పని లేదు. కొత్తగూడెం ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం వసారాలో తడి తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. భార్య రుక్మిణికి అప్పుడు ఐదో నెల. విసనకర్ర పట్టుకుని విసిగిపోయి ఉంది. ఇళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది లంబాడీ భాషే అయినా మొగుణ్ణి ఆటపట్టించాలంటే ఆమె తెలుగులోకి దిగుతుంది.

"గంత ఉడకపోస్తుంటే నీ మంచు సముద్రానికే పోరాదు. నన్ను గూడ తోల్కపో" అంది.

"ఇప్పుడు పోతే ఏం జూస్తవ్. పొద్దు సన్నబడి ఉంటది. వచ్చే నెల సంది అసలు పొడవనే పొడవదు, అంత చీకటే. సముద్రం మీద మంచు మూత పడ్తది."

"గదేంది? ఎండాకాలంల పొద్దు పొడవకపోవుడేంది?"

నవ్వుతూనే అడిగింది పాపం. శ్రీధర్ కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. తువ్వాలు భుజం మీంచి జారి కింద పడింది. వెలుతురు ఉంటేనే పెరుగుతుంది, పెరిగితేనే రాలుతుంది అని భారతమ్మగారు ఎన్నిసార్లు చెప్పారో అన్నిసార్లూ ఒక్కసారే చెవిలో మోగాయి. ఏమైందని రుక్మిణి అడుగుతుంటే చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి నడిచాడు. బస్సు కోసం కూడా ఆగకుండా దొరికిన లారీ ఎక్కి కొత్తగూడెం పోయి ఎస్టీడీ బూతులో దూరాడు.

భారతమ్మగారు ఫోన్ ఎత్తగానే అతను కుశల ప్రశ్నలేమీ వెయ్యలేదు.

"మేడం, ఎండాకాలం అంటే మీరు ఏ నెలలు అనుకున్నరు?"

ఆవిడ తెలివైన మనిషి, ఆ ఒక్క ప్రశ్న చాలు.

"డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి" అన్నారు. "నువ్వు?"

"మార్చి, ఏప్రిల్, మే."

తిడతారని చూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. డిసెంబరు, జనవరి నెలలకు ఏం పెట్టావని మాత్రం అడిగారు. రెండు నెలలకూ కలిపి ఒక్క సీసా అని చెప్పాడు. ఇప్పుడేం చెయ్యొచ్చు మేడం అని అడిగాడు. ఏదో ఒకటి ఉంటుందనే అడిగాడు. మోటారన్నాక ఎక్కడో ఒకచోట స్విచ్చి ఉంటుంది, విప్పితే బాగవుతుంది, అతని బతుకంతా ఆ నమ్మకం మీదే నడిచింది. శబ్దం పంపి గరాటును పిలవొచ్చు కదా అన్నాడు. శబ్దం వింటే అది అడుగున బరువు వదిలేసి పైకి తేలుతుంది, అంతే, సీసాలు మార్చుకోవడం దానికి తెలియదని ఆవిడ చెప్పారు. అసలు శబ్దం పంపడానికి అక్కడ ఓడ ఉండాలి. ఓడ వెళ్ళేది మళ్ళీ డిసెంబరులో. ఈలోగా ఎవరైనా వెళ్ళినా నీటి మీద మంచు మూత.

"మనం చేసేదేం లేదు శ్రీధర్. అది చెప్పినట్టే తిరుగుతుంది" అన్నారు.

బూతులోంచి బయటికి వచ్చి అతను రోడ్డు పక్కన చాలాసేపు నిలబడ్డాడు. బొగ్గు లారీలు పోతూనే ఉన్నాయి. తప్పు చేసినవాడు దిద్దుకోవడానికి పరుగెత్తుతాడు, లేదా దాక్కుంటాడు. ఇతనికి రెండూ లేవు. తప్పు జరిగిపోయిందంటే అదొక తీరు. ఇది జరిగిపోలేదు, జరుగుతోంది. భూమికి ఆ చివర, మంచు కింద, చీకట్లో, తను స్వయంగా నూనె వేసి బిగించిన మోటారు ఎక్కడా తడబడకుండా ఒక్కో ఖాళీ సీసాను తెచ్చి, ఏమీ రాలని గరాటు కింద పెడుతోంది.

ఆ పైన శ్రీధర్‌కు ఒక జబ్బు పట్టుకుంది. సీసా మారే రోజు తెలిసిపోయేది. ఎద్దులకు గడ్డి వేస్తున్నా, పక్క తండాలో పంపుసెట్టు విప్పుతున్నా, ఇవాళ ఇంకొకటి పోయింది అనుకుని చేతిలో పానా వదిలేసేవాడు. మే నెలాఖరున ఎండాకాలం సీసాలన్నీ అయిపోయిన రోజు అన్నం ముట్టలేదు. రుక్మిణి మొదట్లో కోప్పడింది, తర్వాత భయపడింది, ఆ తర్వాత తన మాట వల్లే ఇదంతా వచ్చిందని ఏడ్చింది. నీ మాట వల్ల తెలిసింది గానీ కాలేదని అతను ఎంత చెప్పినా వినలేదు.

రామ్‌సింగ్‌కు కొడుకు చెప్పిందంతా అర్థం కాలేదు గానీ, ఏదో సముద్రంలో పెట్టినదానికి ఆపద వచ్చిందని అర్థమైంది. వానలు మొదలయ్యాక తండాలో సీత్లా పండుగ చేశారు. పశువులు చల్లగా ఉండాలి, వానలు కురవాలి అని అందరూ మొక్కుతుంటే, రామ్‌సింగ్ దేవత ముందు గొంతెత్తి, నా కొడుకు సీసాలు నింపు తల్లీ, నీకు మేకపోతును ఇస్తా అన్నాడు. తండా అంతా గొల్లున నవ్వింది. ఈ రామ్‌సింగ్ కొడుకు ఓడలో పోయి నేర్చుకొచ్చింది సారా వ్యాపారమా అని ఎవరో అన్నారు. శ్రీధర్ నవ్వలేదు, తండ్రిని ఆపనూ లేదు. దేవత తల్చుకున్నా ఏ సీసా నింపాలో చెప్పడం అతనికి చేతకాలేదు.

ఆగస్టులో గోదావరి పొంగింది. ఆ ఏటి వరద గురించి భద్రాచలం వాళ్ళను అడగండి, ఇప్పటికీ గోడల మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. నీళ్ళు తీశాక మోటార్లు బాగుచేసే పని ఎక్కడ చూసినా ఉంది. శ్రీధర్ అక్కడే మకాం వేశాడు. పల్లపు కాలనీలో ముత్తక్క అనే ఆమె ఇంట్లో పంపు విప్పుతున్నాడు. ఇంట్లో మోకాటి లోతు ఒండ్రు. అడవిలోంచి కొట్టుకొచ్చిన ఆకులు, పుల్లలు, చచ్చిన పురుగులు అన్నీ అందులో కలిసి కుళ్ళిన వాసన. నీళ్ళు మూడుసార్లు ఎక్కి దిగాయట. మొదటిసారి ఎక్కువ మట్టి తెచ్చిందా, చివరిసారా అని శ్రీధర్ అడిగాడు. ఆమె పార ఆపి అతని మొహం వింతగా చూసింది.

"నాకెట్ల ఎరుక బిడ్డా? అన్నిసార్లదీ ఒక్కతాననే ఉండె. ఎత్తిపోసుడే నా పని."

శ్రీధర్‌కు ఆ మట్టిలో కూర్చుండిపోవాలనిపించింది. డిసెంబరు, జనవరి సీసా ఎలా ఉండబోతోందో కళ్ళ ముందే ఉంది. వెలుతురు వచ్చిన రెండు నెలల్లో రాలిందంతా ఒక్క సీసాలో పడుతుంది. ముందు పడిందీ వెనక పడిందీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంది. నిండి పొర్లితే ఎంత పడిందన్నది కూడా తెలియదు. ఎన్నాళ్ళకు పడింది, ఒక్కసారే పడిందా, విడతలుగా పడిందా అని అడిగిన మనిషికి అది ఏ జవాబూ చెప్పదు.

భారతమ్మగారు తన ప్రయత్నం తాను చేశారు. ఇంకో ఏడాది గరాటు అక్కడే ఉంచడానికి, కొత్త సీసాలతో మళ్ళీ దించడానికి అనుమతి ఇమ్మని పైవాళ్ళను అడిగారు. ముందు ఈసారిది వచ్చాక చూద్దాం అన్నారట. అది ఎలా వస్తుందో ఆవిడకు తెలుసు, ఆ మాట చెబితే అసలే ఇవ్వరు, చెప్పకపోతే ఈసారిది వచ్చేదాకా ఇవ్వరు. ఫోన్లో ఈ సంగతి చెబుతూ ఆవిడ నవ్వారు. ఆ నవ్వు వినలేక శ్రీధర్ రిసీవరును చెవికి దూరంగా పట్టుకున్నాడు.

నవంబరులో ఆవిడ రిటైరయ్యారు. ప్రాజెక్టు లేదు కాబట్టి శ్రీధర్ కాంట్రాక్టూ అయిపోయింది. అప్పటికి కూతురు పుట్టింది. డిసెంబరులో ఓడ అతను లేకుండానే వెళ్ళింది. ఆ రెండు నెలలూ శ్రీధర్ ఒక పిచ్చి కోరిక కోరుకున్నాడు. ఈసారి కూడా మంచు గరాటును ఈడ్చుకుపోతే బాగుండును, పోయిందంటే పోయిందని ఊరుకోవచ్చు. అలా కోరుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. గరాటు మాత్రం బుద్ధిగా పైకి తేలింది. పిలిచిన మొదటి పిలుపుకే వచ్చిందట, ఒక్క సీసా కూడా పగల్లేదట. అంత బాగా చేసిన పని శ్రీధర్ జన్మలో ఇంకొకటి లేదు.

ఏప్రిల్లో భారతమ్మగారు రాముడి దర్శనానికి బయల్దేరారు. కొత్తగూడెంలో దిగుతున్నాను, వీలైతే రమ్మని కబురు పెట్టారు. భద్రాచలం రోడ్ అని బోర్డు ఉన్న ఆ స్టేషన్లో రైలు దిగినవాళ్ళకు భద్రాచలం ఇంకా చాలా దూరమని దిగాకగానీ తెలియదు. ఆవిడ చేతికర్ర ఊతంగా దిగి, జీపు ఎంతసేపు పడుతుందని అడిగి, ముందు ఇక్కడ కాస్త కూర్చుందామన్నారు. ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చున్నారు. ఏడాదిలో బాగా చిక్కిపోయారు. శ్రీధర్ నిలబడే ఉన్నాడు.

సీసాలు వచ్చాయట. ఆవిడకు అక్కడిప్పుడు గది లేదు, అయినా పిలిచి చూపించారట. మార్చిలోవి రెండు కాస్త మసకగా ఉన్నాయి. మిగతా ఎండాకాలం సీసాలన్నీ పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి. డిసెంబరు, జనవరి సీసా నిండిపోయి, పైన గరాటు గొంతులోకి కూడా ఎక్కిందట. పచ్చగా, చిక్కగా, చాలా అందంగా ఉందని చెప్పారు.

"అంత రాలుతుందని నేను కూడా అనుకోలేదు శ్రీధర్" అన్నారు.

అప్పుడు ఏడ్చాడు శ్రీధర్. స్టేషన్లో పోర్టర్లు చూస్తున్నా ఆపుకోలేకపోయాడు. ఆవిడ అతన్ని ఏడవనిచ్చారు. తర్వాత, గడియారం అమరిక తప్పింది అని రిపోర్టులో రాశానని, ఎవరు అమర్చారన్నది రాయలేదని చెప్పారు. తన జాగాలో వచ్చిన కొత్తాయనకు శ్రీధర్ గురించి చెప్పారట. ఈసారిది వచ్చింది కాబట్టి పైవాళ్ళు ఒప్పుకున్నారట, వచ్చే డిసెంబరుకు ఆయన కొత్త గరాటు వేయిస్తున్నారు, నిన్నే పిలుస్తారు, కాదనకుండా వెళ్ళు అన్నారు. కాదనే స్థితిలో లేడు శ్రీధర్. ఇంట్లో నెలల బిడ్డ, చేలో పత్తి పోయింది. ఒప్పుకోవడం సిగ్గుగా ఉంది, ఒప్పుకోకపోవడం కుదరదు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఈసారి నెలల పేర్లు పెట్టి చెప్పండి మేడం. ఎండాకాలం, చలికాలం అనకండి. నేను తప్పు కానియ్య" అన్నాడు.

భారతమ్మగారు చేతికర్ర ఆసరాతో లేచి నిలబడ్డారు.

"ఈసారి చెప్పేది నేను కాదు కదయ్యా" అన్నారు.

ఆవిడ రిటైరైన సంగతి శ్రీధర్‌కు తెలియనిది కాదు. కానీ వచ్చే ఏడు మళ్ళీ వెయ్యొచ్చులే అని ఏడాది పొడుగునా తనకు తాను చెప్పుకుంటూ బతికినప్పుడు, ఆ వచ్చే ఏటిలో ఆవిడ ఎప్పుడూ ఫోన్‌కు అవతల ఉండేవారు. ఇప్పుడు వచ్చే ఏడు తనకు మాత్రమే వచ్చింది. ఆవిడ సంచి తీసుకుని జీపు దాకా పక్కనే నడిచాడు.